ఆపి ఉంచిన ఆట

"ఆ టీవీ ఏదో ఒకరోజు పేలుతుంది. పేలి, నేల విరిగి, కింది అంతస్తులో పక్షవాతంతో పడున్న ముసలాయన మీద పడుతుంది. అప్పుడు అడగండి నన్ను," అంది రౌశన్.

ఎవరూ అడగలేదు. ఆమె భర్త బోలత్, పదకొండేళ్ళ కూతురు ఉల్జాన్ తివాచీ మీద భుజానికి భుజం ఆనించి కూర్చుని, చెరొక జాయ్‌స్టిక్కు పట్టుకుని, తెర మీద ట్యాంకులు నడుపుతున్నారు. భుజాలు ఆనించక తప్పదు. వాళ్ళది చవక డెండీ, టీవీకి తగిలించి ఆటలాడుకునే పెట్టె. పెద్ద డెండీని కుదించి, ఖర్చు తగ్గించి మళ్ళీ చేసిన రకం. పెద్దదాని జాయ్‌స్టిక్కులు ఊడదీసి తగిలించుకోవచ్చు. దీనివి పుట్టుకతోనే పెట్టెకి అతుక్కుని ఉంటాయి, వైర్లేమో పొట్టివి. పనిచేస్తోందో లేదో చెప్పే ఎర్రదీపం కూడా పెట్టలేదు. బోలత్ దాన్ని తెచ్చిన రోజు ఉల్జాన్ మొహం కాస్త చిన్నబోయింది. క్లాసులో ముగ్గురికి పెద్దది ఉంది మరి.

"వైరు పొట్టిదైతే మంచిదే కదే, నాన్న పారిపోలేడు," అన్నాడు బోలత్. అంతే, ఆ పిల్లకి బల్ఖాష్ ఊరు మొత్తంలో అంత మంచి డెండీ ఇంకొకటి లేకుండా పోయింది.

రౌశన్‌కి మాత్రం దాన్ని చూస్తే గుండె దడ. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడంతా ఎంచి, మేలు దగ్గరికి వచ్చేసరికి తను పనిచేసే రొట్టెల ఫ్యాక్టరీ బస్సు వచ్చేసేది. డెండీ ఆడితే టీవీ పిక్చర్ ట్యూబు చచ్చిపోతుందని ఆ ఊళ్ళో తల్లులందరికీ తెలుసు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరు చెబుతారు? అందుకే పనికి వెళ్ళేటప్పుడు డెండీకి కరెంటిచ్చే అడాప్టరు ఊడదీసి సంచిలో వేసుకుపోతారు. తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా టీవీ వెనక అరచెయ్యి పెడతారు. వెచ్చగా ఉంటే పిల్లల వీపు కూడా వెచ్చబడుతుంది. పిల్లలేం తక్కువ తిన్నారా, తడిగుడ్డ కప్పి చల్లారుస్తారు.

ఆ డిసెంబరు సాయంత్రం బోలత్ రైలు ఎక్కాలి. ఎక్కడో ఉత్తరాన బంగారు గనిలో పని, ముప్పై రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇంట్లో. ఆట మధ్యలో గడియారం చూసుకుని లేచాడు. ఉల్జాన్ చెవిలో ఏదో చెప్పాడు. పిల్ల తలూపి, ఒక బొత్తాం నొక్కి, టీవీ ఆపేసి, డెండీ మీద అల్లిక గుడ్డ కప్పింది.

గుమ్మం దగ్గర రౌశన్ రొట్టె అందించింది. దూరం వెళ్ళేవాడు ఒక్క ముక్క పళ్ళతో కొరికి, మిగతాది ఇంట్లో వదిలి వెళ్ళాలి. వాడి నోటి గుర్తు పడ్డ ఆ రొట్టే వాణ్ణి మళ్ళీ ఇంటికి లాక్కొస్తుంది. వచ్చాక మిగతాది వాడే తినాలి. బోలత్ కొరికాడు, నములుతూనే, "ఒసే, ఈసారి అడాప్టరు జోలికి పోకు. నేనొచ్చేదాకా అక్కడే ఉండనీ," అన్నాడు.

"ఎందుకో?"

"ఎందుకంటే నువ్వు బంగారు తల్లివి గనక."

కూతురు కిసుక్కున నవ్వింది. రౌశన్ ఆ నవ్వుని లెక్కచెయ్యలేదు. రొట్టెని తెల్లగుడ్డలో చుట్టి బీరువా మీద పెడుతూ, గని కూలడం, రైలు పట్టాలు తప్పడం, మంచులో దారి తప్పడం, మూడూ వరసగా తలుచుకుంది.

భర్త అంతగా చెప్పి వెళ్ళాడు కాబట్టి అడాప్టరు ముట్టుకోలేదు. రోజూ మధ్యాహ్నం రెండింటికి పని నుంచి వచ్చి టీవీ వెనక చెయ్యి పెట్టేది. చల్లగా ఉండేది. ఉల్జాన్‌ది రెండో పూట బడి, సాయంత్రం ఆరుకి గానీ రాదు. పొద్దున్నంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది, అయినా టీవీ చల్లగానే ఉంటోంది. పిల్లకి బుద్ధి వచ్చిందని రౌశన్ పొంగిపోయింది. పొంగిపోతే దిష్టి తగులుతుందని మళ్ళీ వెంటనే దిగులు పడింది.

ఇరవై ఆరో రోజున ఫ్యాక్టరీలో ఎవరో అన్నారు, రైల్వే కాలనీలో ఒక ఫ్లాటు తగలబడిందని, అడాప్టరు వల్లేనని. రౌశన్ బస్సు దిగి ఇంటిదాకా పరిగెత్తుకొచ్చింది. టీవీ చల్లగానే ఉంది. హమ్మయ్య అనుకుని, ఎందుకో ఆ అల్లిక గుడ్డ కింద చెయ్యి పెట్టింది. డెండీ వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్ల నుదురులా. గోడకున్న అడాప్టరు ఇంకా వేడిగా ఉంది.

"ఓరి దేవుడో!" అని లాగేసింది. లాగి, చల్లారేదాకా కిటికీలో పెట్టి, సంచిలో వేసుకుంది.

ఆరింటికి ఉల్జాన్ వచ్చింది. కోటైనా విప్పకుండా అల్లిక గుడ్డ ఎత్తి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, దీని అడాప్టరు ఎవరు తీశారు?"

"నేనే. ముట్టుకుంటే కాలుతోందే! టీవీ ఆపేసి దాన్నట్లా వదిలేస్తావా? ఇల్లు అంటుకుంటే? నువ్వు లోపలుండగా అంటుకుంటే?"

"టీవీ ఆపింది నీకోసమే. ట్యూబు పోతుందన్నావని."

"మరి దాన్నెందుకు ఆపలేదు?"

"అందులో ఆట ఉంది."

"తెర నల్లగా ఉంటే ఆటేంటే, నా గుర్రప్పిల్లా?"

ఉల్జాన్ అల్లిక గుడ్డ మళ్ళీ కప్పింది. "నాన్నా నేనూ ఇరవై తొమ్మిదో లెవెల్‌దాకా వెళ్ళాం. రైలుకి టైమైందని పాజ్‌లో పెట్టాం, కరెంటు తీస్తే చెరిగిపోతుంది. వచ్చాక అక్కణ్ణించే ఆడదాం, నువ్వు కాపలా కాయి అన్నాడు. ఇంకొక ఆట కూడా ఆడలేదు నేను. ఇరవై ఆరు రోజులు."

రౌశన్‌కి నవ్వొచ్చింది. ఇల్లు తగలబడలేదు, పిల్ల క్షేమం, తీరా చూస్తే ట్యాంకుల కోసమా ఈ గొడవంతా! పైకే నవ్వేసింది. "ఓస్, ఇంతేనా! మళ్ళీ మొదట్నుంచి ఆడుకోండి, ఏం పోయింది?"

పిల్ల తల్లిని తేరిపార చూసింది. తర్వాత బీరువా పైకి చూసింది.

"నేను ఆ రొట్టె తీసి పావురాలకి వేసేస్తాననుకో. 'ఓస్, ఇంతేనా, మళ్ళీ ఇంకోటి కొరుకుతాడులే' అంటావా అమ్మా?"

ఉల్జాన్ కోటు విప్పి కొక్కేనికి తగిలించి, పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

చాలా రోజులదాకా ఆ పిల్ల తల్లితో ఆడిన ఆఖరి మాట అదే.

మర్నాడు మాట్లాడలేదు. ఆ మర్నాడూ లేదు. అలక అయితే అన్నం దగ్గర తీరుతుంది కదా అని రౌశన్ నూడుల్స్ చేసింది, నూనెలో బౌర్సాకుల పిండి ఉండలు పొంగించింది, పొగబెట్టిన చెరువు చేప తెచ్చింది. పిల్ల తింది, కంచం కడిగింది, చెత్త బయట పడేసి వచ్చింది. పిలిస్తే వచ్చింది, చెప్పింది చేసింది. నోరు మాత్రం విప్పలేదు. కోపగించుకునే పిల్లనైతే రెండు దెబ్బలు వేసి దగ్గరికి తీసుకోవచ్చు, ఇంత బుద్ధిమంతురాలిని ఏం చేస్తాం? గొంతుకేమైనా జబ్బు చేసిందా, మెదడు వాపు ఇలాగే మొదలవుతుందా అని రౌశన్ తలుపుకి చెవి ఆనించింది. లోపల ఉల్జాన్ గలగలా పద్యం అప్పజెప్పుకుంటోంది. ఆ గొంతు వినడం కోసం రౌశన్ అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయింది, కాళ్ళు తిమ్మిరెక్కేదాకా.

అడాప్టరు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగో తల్లీ, ఇక నేను తీసుకుపోను," అంది. పని నుంచి తిరిగొచ్చేసరికి అది బల్ల మీద పెట్టినచోటే ఉంది. టీవీ వెనక చెయ్యి పెడితే చల్లగా తగిలింది. రెండేళ్ళుగా ఆ చల్లదనం కోసం దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఇప్పుడు అదే చల్లదనం తగిలితే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ తర్వాత బీరువా మీదికి చెయ్యి చాచి గుడ్డమూట తడిమింది. రొట్టె ఉంది. పిల్ల దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే బాగుండు, లెక్క సరిపోయేది అని కూడా ఒకరోజు అనిపించింది. అనిపించినందుకు మూడుసార్లు చెంపలేసుకుంది.

ముప్పయ్యో రోజు వచ్చింది, బోలత్ రాలేదు. ముప్పై మూడో రోజున తంతి వచ్చింది. జీతాలివ్వలేదు, ఇచ్చేదాకా ఇంకొక వంతు ఉండమంటున్నారు, మార్చిలో వస్తాను, క్షేమం. రౌశన్ చదివి వినిపించింది. ఉల్జాన్ ఆ కాగితం తీసుకుని తనే ఒకసారి చదివి, మడిచి తల్లి చేతికి ఇచ్చేసింది. ఆ చూపులో ఏముందో రౌశన్‌కి తెలుసు. నువ్వు తీసేశావు, అందుకే రాలేదు. ఆ మాట పిల్ల అనుకుందో లేదో గానీ, రౌశన్ మాత్రం అదే అనుకుంది.

ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునే గదిలో గాల్యాకి చెప్పుకుంది. గాల్యా బన్నుల మిషను దగ్గర తోడు, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"పాజ్‌లో ఉన్నదాన్ని లాగేశావా?" గాల్యా నెత్తి కొట్టుకుంది. "నీ బుర్రలో ఏముందే, ఈస్టు పొంగని పిండా? మా అబ్బాయి ఒకసారి మూడు రోజులు అలా ఉంచితే, తుడుస్తూ మా అత్త కాలు తగిలి వైరు ఊడింది. వాడు ఆవిణ్ణి ఇప్పటికీ 'ఆ ముసల్ది' అంటాడు."

"మాట్లాడతాడా కానీ?"

"తిడతాడు. అదీ మాటే కదా."

రౌశన్ నిట్టూర్చింది. "నాది తిట్టడం కూడా లేదే. తిట్టినా బాగుండు."

పక్క బెంచీ నుంచి ఇంకొకావిడ తన సంచిలోంచి అడాప్టరు తీసి ఊపింది. "మన సంచులు దొంగ ఎత్తుకుపోతే ఊళ్ళో పిల్లలంతా మనల్ని వెలేస్తారే!" గదంతా నవ్వింది. రౌశన్ కాక ఏడుగురు ఆడవాళ్ళు, ఏడు సంచుల్లో ఏడు అడాప్టర్లు. రౌశన్ సంచిలో మాత్రం రొట్టె, తాళంచెవి, తంతి కాగితం. ఆమె నవ్వలేకపోయింది.

"ఇంత ఏడుపెందుకే," అంది గాల్యా చెవిలో. "మావాడు చెబుతుంటాడు. ఆ ట్యాంకుల ఆటలో మొదట్లోనే ఎన్నో లెవెల్ కావాలో నొక్కొచ్చట. ఇరవై తొమ్మిది పెట్టెయ్యి, పాజ్ నొక్కెయ్యి, టీవీ ఆపెయ్యి. 'ఇదిగో నీ ఆట, లోపలే ఉంది' అను. పిల్లకేం తెలుస్తుంది?"

ఆ మధ్యాహ్నం రౌశన్ ఇంటికొచ్చి తలుపేసుకుంది. అడాప్టరు గోడకి పెట్టింది, పెట్టినదానికి తనే భయపడి ఒక బకెట్టు నీళ్ళు పక్కన పెట్టుకుంది. తెర వెలిగింది. గాల్యా చెప్పినట్టే నొక్కుకుంటూ పోయింది. ఇరవై తొమ్మిది. ఇటుకలు, నీళ్ళు, చెట్లు, అడుగున ఇటుకల గూట్లో, శత్రువు కొట్టకుండా కాపాడుకోవాల్సిన చిన్న గద్ద. పక్కనే రెండు ట్యాంకులు, ఒకటి పసుపు, ఒకటి పచ్చ. పాజ్ నొక్కింది. అన్నీ ఆగిపోయాయి.

బాగుంది. ఇక టీవీ ఆపేస్తే చాలు.

చెయ్యి టీవీ దాకా వెళ్ళింది. అక్కణ్ణించి కళ్ళు బీరువా మీదికి పోయాయి. ఆ రొట్టె ఎలకలు తినేసి ఉంటే, తను ఇంకొక రొట్టె తెచ్చి, తన పళ్ళతోనే కొరికి, అదే గుడ్డలో చుట్టి అక్కడ పెడుతుందా? రోజుకి వెయ్యి రొట్టెలు చేతుల మీదుగా పోతాయి ఆమెకి. ఏ రొట్టె అయినా ఒకలాగే ఉంటుంది. అయినా పెడుతుందా?

డెండీ ఆపేసింది. అలా కాసేపు కూర్చుంది. బయట గడ్డకట్టిన చెరువు మీంచి గాలి వచ్చి చలికని కిటికీ సందుల్లో కుక్కిన దూదిని కదిలిస్తోంది. ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. ఆరింటిదాకా ఉండదు, ఆరు తర్వాత కూడా ఉండదు. ఆ నిశ్శబ్దం భరించలేకే మళ్ళీ బొత్తాం నొక్కింది. ఈసారి ఒకటో లెవెల్.

మొదటిరోజు తన గద్దని తనే పేల్చుకుంది, నాలుగుసార్లు. ఇటుకలు తనవో శత్రువువో తెలిసేది కాదు, కంగారులో నొక్కేసేది. రెండోరోజు బొటనవేలు బొబ్బెక్కింది. ఒక్కరే ఆడేలా పెట్టడం ఆమెకి తెలియలేదు. ఎప్పుడు పెట్టినా రెండు ట్యాంకులు వచ్చేవి. పచ్చది పుట్టినచోటే గద్ద పక్కన ఊరికే నిలబడి ఉండేది, పాపం, వచ్చిన దెబ్బ తినేది, పేలిపోయేది, మళ్ళీ పుట్టి మళ్ళీ నిలబడేది. దాని జాయ్‌స్టిక్కు తివాచీ మీద వెల్లకిలా పడి ఉండేది. పొట్టి వైరు, పెట్టెని వదిలి ఎక్కడికీ పోలేదు. బోలత్ బొటనవేలు రాసి రాసి దాని మీద ఎర్రరంగు అరిగిపోయింది. రౌశన్ ఒకసారి ఆ అరిగినచోట వేలు పెట్టి చూసుకుంది.

రోజూ రెండున్నర నుంచి అయిదున్నరదాకా ఆడేది. తర్వాత తడిగుడ్డతో టీవీ వెనక తుడిచి, చల్లార్చి, అడాప్టరు మళ్ళీ బల్ల మీద అదే కోణంలో పెట్టేసేది. నలభై ఏళ్ళకి దగ్గరపడుతున్న మనిషి, సొంత ఇంట్లో దొంగలా. ఏం సాధిద్దామని అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. ఆ పిల్ల ఇరవై ఆరు రోజులు ఏది కాపలా కాసిందో దాన్ని కాస్త తాకాలని ఉండేది, అంతే. తొమ్మిది రోజులకి నాలుగో లెవెల్‌దాకా వెళ్ళింది. నాలుగు దాటలేకపోయింది.

పదోరోజు బడిలో వేడినీళ్ళ గొట్టం పగిలింది. మూడింటికే పిల్లల్ని పంపేశారు.

రౌశన్‌కి తాళం చప్పుడు వినబడలేదు. టీవీ నెత్తిన తడిగుడ్డ, పక్కన నీళ్ళ బకెట్టు, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా కూర్చుని, "పోరా, పో, అటు పో ముండాకొడకా!" అని శత్రువు ట్యాంకుని తిడుతోంది. వెనక చల్లగాలి తగిలి తిరిగి చూసింది. ఉల్జాన్ గుమ్మంలో నిలబడి ఉంది, టోపీ మీద మంచు.

రౌశన్ జాయ్‌స్టిక్కు కింద పడేసింది. మొహం కందగడ్డ అయింది. పిల్ల సంచి దించింది. నెమ్మదిగా నడిచి వచ్చి, టీవీ వెనక్కి వంగి, అరచెయ్యి పెట్టి చూసింది.

అచ్చం తల్లి లాగే.

"వేడెక్కిందా?" అంది రౌశన్, నేరం చేసిన పిల్లలా. తెర మీద గద్ద పేలిపోయింది, ఆట అయిపోయిందని అక్షరాలు పైకి లేచాయి. వాటి వంక చూస్తూ రౌశన్ మాట్లాడింది, ఆ పిల్ల మొహం చూస్తే మాట పడిపోతుందని.

"నాలుగో లెవెల్ దాటలేకపోతున్నానే. ఆ రెండోది కదలదు, ఒక్కదాన్నే ఎలా ఆడాలో నాకు తెలీదు. ఒకరోజు ఇరవై తొమ్మిది దొంగతనంగా పెట్టాను, మీ ఆట దొరికిందని నీకు అబద్ధం చెబుదామని. మళ్ళీ తీసేశాను. అది మీది కాదు కదా. నాన్న కొరికిన రొట్టె నాన్నదే. లాగేశాను, తెలీక. నవ్వాను చూడు, అది తెలిసే. తప్పయిపోయింది తల్లీ."

కన్నకూతురికి ఆ మాట చెప్పడం రౌశన్‌కి అదే మొదటిసారి. ఆమెకి వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదు, అసలు తల్లులు చెప్పే మాట కాదది అనుకునేది.

ఉల్జాన్ టోపీ తీసింది. మంచు కరిగి తివాచీ మీద రెండు చుక్కలుగా పడింది. గోడ గడియారం టకటకలాడింది. ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది, లోపలి గదిలోకి పోతుంది, తలుపు వేసుకుంటుంది, మార్చిదాకా, ఇంకా పైదాకా, పెళ్ళయి వెళ్ళిపోయేదాకా ఇంతే అని రౌశన్ వరసగా అనుకుంటూ పోయింది. ఇంకా ఘోరమైనది ఏదైనా మిగిలిందా అని వెతికింది. దొరకలేదు.

పిల్ల వచ్చి కింద కూర్చుంది. తల్లి పడేసిన జాయ్‌స్టిక్కు తను తీసుకుంది. వెల్లకిలా పడున్న రెండోదాన్ని తిప్పి, తల్లి ఒళ్ళో పెట్టింది. వైరు చాలలేదు. రౌశన్ జరిగింది. భుజం భుజానికి ఆనింది, చలికి ఇంకా బిగుసుకునే ఉంది ఆ చిన్న భుజం. బొత్తాం నొక్కగానే ఒకటో లెవెల్ వచ్చింది, పసుపు ట్యాంకు, పచ్చ ట్యాంకు, మధ్యలో గూడు.

"నేనేం చెయ్యాలి?" అంది రౌశన్.

శత్రువు ట్యాంకులు మూడు పైనుంచి దిగాయి, మొదటి ఇటుకలు రాలాయి.

"నువ్వు గద్ద దగ్గరే ఉండమ్మా," అంది ఉల్జాన్. "కంగారుపడి మన ఇటుకల్ని మనమే కొట్టుకోకూడదు. ముందుకెళ్ళేది నేను చూసుకుంటా."